నీటిని ప్రశ్నించు వెలుగుచుక్కలు



మా పెద్దమ్మాయికి పదియేండ్లు. ఇంట నొక్క గడియ మౌనముగ నుండదు. పద్యమో పాటయో ఏదో యొకటి దాని నోట నుండవలసినదే. అట్టి పిల్ల నవ్వు వచ్చినపుడు మాత్రము కుడిచేత నోరు మూసికొనును. ఆడపిల్ల సిగ్గు గదా యని నేను మురిసికొంటిని. నిరుడు బడిలో పిల్లల నందరిని నిలిపి ఫొటో తీసిరి. తక్కినవారు పకపక నవ్వుచుండగా మాపిల్ల పెదవులు బిగించి నిలిచియున్నది. ఏమే యని యడిగితిని. "నావి గారపండ్లమ్మా, నవ్వితే అందరూ చూస్తారు" అన్నది. మొగము వెలుతురునకు త్రిప్పి చూచితిని. పాలపండ్లు రాలిన పిదప మొలచిన క్రొత్తపండ్లపై అడ్డముగ గోధుమవన్నె చారలు! ఎన్ని వేపపుల్లలు అరిగినను ఆ చార అరుగలేదు. అది పంటిమీద పట్టిన మురికి కాదు. పంటితో కూడ పుట్టిన మచ్చ.

ఆ మచ్చకు మూలము మా పెరటి బోరునీరు. ఆ నీటిని చూచి తప్పు పట్టగలవా రెవరును లేరు. గ్లాసులో పోసిన అడుగు కనబడును, వాసన లేదు, నాలుకకు తియ్యన. మా అత్తగారు ఇంటికి వచ్చిన చుట్టములకెల్ల "మా బోరునీళ్ళు కొబ్బరినీళ్ళమ్మా" అని చెప్పి మారు పోసెడివారు. కొన్ని యేండ్ల క్రిందట నీటితొట్టె కడుగవచ్చిన పనివాడొకడు కలము వంటి సాధనమును చెంబులో ముంచి, అందు కనబడిన అంకె తక్కువగ నున్నది గనుక నీరు మంచిదేయని చెప్పెను. మేమును నమ్మితిమి. ఈయేడు మా వారు ఒక సీసాడు నీటిని నరసరావుపేటకు కొనిపోయి పరీక్ష చేయించిరి. ఫ్లోరైడను లవణము హద్దునకు రెట్టింపు కంటె మించియున్నదని కాగితము వచ్చినది.

ఆ రాత్రి నాకు ఎఱ్ఱన రచించిన అరణ్యపర్వ శేషములోని యక్షప్రశ్నల ఘట్టము మనసున మెదలినది. నకులుడు మొదలు భీముని వరకు నలుగురు తమ్ములును ఆ కొలని చెంతకు పోయిరి, దప్పికకు ఓర్వలేక ప్రశ్నను పెడచెవిని పెట్టి నీరు త్రాగిరి, ఒడ్డుననే ఒరిగిరి. ధర్మరాజొక్కడు దప్పిక నాపుకొని ప్రశ్నకు నిలిచెను. అచట నీటిని కాచువాడు మనుష్యుని ప్రశ్నించెను. ఇచట, మన పల్నాట, మనుష్యుడే నీటిని ప్రశ్నింపవలసియున్నది. ఆ ప్రశ్నించు విద్యలో శాస్త్రజ్ఞులు ఇటీవల సిద్ధము చేయుచున్న క్రొత్త సాధనమును గూర్చి మా వారివలన విని, చదివి తెలిసికొన్నంతవరకు మీకు మనవి చేయుచున్నాను.

మన సీమ నీరు

మా యూరు బొల్లాపల్లి, నల్లమల యడవులకు చేరువ. శ్రీనాథుని పేర ప్రచారములోనున్న చాటువులలో పల్నాటి నీటియిబ్బందిని, జొన్నకూటిని గూర్చిన ఎత్తిపొడుపులు మనమందర మెరిగినవే. కవి నీటి కొరతను చూచెను గాని నీటిలోని దోషమును చూడలేదు; అది కంటికి కానవచ్చునది కాదు. మన నేల క్రింది రాతిలో ఫ్లోరైడుగల ఖనిజములు కలవు. వాన తక్కువ, ఎండ ఎక్కువ యగు సీమలందు నీరు ఆ రాతిసందులలో చిరకాలము నిలిచి ఫ్లోరైడును తనలో కరగించుకొనును. బోరు లోతు పోయినకొలది అట్టి పాతనీరే తగులుట కవకాశము హెచ్చు.

ఈ పీడ మనకు క్రొత్త కాదు. 1930ల నడుమ నిజాము రాష్ట్రమునను, మద్రాసు రాజధానిలోను పశువుల యందు మొదట దీనిని గుర్తించిరి. 1937లో షార్టు అను వైద్యుడును, ఆయన తోడివారును నెల్లూరు జిల్లా మనుష్యులలో ఎముకలు బిగిసికొనిపోవు ఈ జబ్బు ఫ్లోరైడువలననే యని ప్రకటించిరి. మాకు దక్షిణమున నున్న దర్శి, పొదిలి సీమలు నాడు ఆ జిల్లాలోనివే. 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కృష్ణస్వామి అను శాస్త్రజ్ఞులు, ఫ్లోరైడు పీడిత గ్రామములలో పిల్లల మోకాళ్ళు లోపలికి వంగిపోవుటను లోకమునకు తెలిపిరి. కృష్ణకు ఆవలి నల్లగొండ ఈ బాధచేతనే పేరు మోసినది.

లీటరు నీటిలో ఫ్లోరైడు 1 మిల్లీగ్రామునకు మించరాదనియు, వేరు నీరు దొరకనిచోట 1.5 వరకు ఓర్చుకొనవచ్చు ననియు మన దేశపు ప్రమాణము. స్త్రీలు ముఖ్యముగ గ్రహింపవలసిన సంగతి యొకటి కలదు. బిడ్డ పుట్టినది మొదలు ఎనిమిదవయేటి వరకు ముందుపండ్ల పైపూత చిగుళ్ళలోపల రూపు దిద్దుకొనుచుండును. మచ్చ పడుటయు ఆ కాలముననే. పండ్లు మొలచిన పిదప మనము కన్నులు తెరచుట వలన ఆ మచ్చ పోదు. కాచిన పోవునుగదా యని యనుకొందురేమో! కాచిన క్రిములు చచ్చును గాని ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరియై తగ్గినకొలది మిగిలిన నీటిలో దాని పాలు హెచ్చును.

పసుపు సున్నముల పరీక్ష

కానరాని దానిని కనబడునట్లు చేయుట మనకు తెలియని విద్య కాదు. పసుపునీట ఇసుమంత సున్నము వేసిన ఎఱ్ఱనగును. పారాణి యనియు, దిష్టినీళ్ళనియు మనము ఎన్నడును విడువని వాడుక. దీనిని తిరుగవేసి చూడుడు: తెల్లని నీటిలో సున్నము కలదో లేదో తెలియవలెనన్న ఒక చిటికెడు పసుపు చాలును. రంగు మారిన సున్నము వంటి క్షారమేదో కలదన్నమాట. పసుపు ఇచట సాక్షి.

ఫ్లోరైడునకు కూడ ఇట్టి సాక్షి యొకటి చాలకాలముగ వాడుకలో నున్నది. జిర్కోనియమను లోహమును ఎలిజరిన్ అను రంగుతో కలిపిన ఎఱ్ఱని వర్ణము వచ్చును. జిర్కోనియమునకు ఫ్లోరైడుపై మిక్కుటమైన ప్రీతి. నీటిలో ఫ్లోరైడు ఉన్నచో జిర్కోనియము రంగును విడిచి దానిని చేరును. ఎఱుపు తగ్గి పసుపువైపునకు తిరుగును. ఎంత తిరిగినదో రంగులపట్టికతో సరిచూచి ఫ్లోరైడు పాలును అంచనా కట్టుదురు. మంచి పద్ధతియే గాని, కంటికి లేత ఎఱుపునకును ముదురు పసుపునకును నడుమ భేదము తెలియుట ఒక్కొక్కప్పుడు కష్టము. రంగును చూచుటకంటె వెలుగును చూచుట సులభము గదా! చీకటిలో దీపపుముక్క యెంత చిన్నదైనను కనబడును. క్రొత్త సాధనమునకు మూలమైన తలపు ఇదియే.

చుక్కలు వెలుగుట యెట్లు

అంగడిలో నోటు మంచిదో దొంగదో చూచుటకు ఊదావన్నె దీపము క్రింద పెట్టుట మీరు చూచియుందురు. దీపములోని అతినీలలోహిత కిరణములు కంటికి కనబడవు. అవి తగులగానే నోటుమీది అంకెలు మాత్రము మెరయును. కానరాని వెలుగును మ్రింగి కానవచ్చు వెలుగును వెలిగ్రక్కు ఈ గుణమునకు ప్రతిదీప్తి యని పేరు. మన పసుపునకును ఈ గుణము కలదు. ఆ దీపము క్రింద పచ్చగా మెరయును.

ఇట్లు మెరయు పదార్థములలో మిగుల క్రొత్తవి క్వాంటం బిందువులు. ఇవి మిక్కిలి సూక్ష్మమైన పలుకులు. మిల్లీమీటరును పదిలక్షల పాళ్ళు చేసిన అందొక పాలు నానోమీటరు. ఈ బిందువులు సామాన్యముగ రెండు మొదలు పది నానోమీటర్ల వెడల్పుగలవి. ఒక తలవెంట్రుక అడ్డమున వీనిని వరుసగా పేర్చిన వేలకొలది పట్టును.

వీని చిత్రమేమనగా, ఒకే పదార్థము పరిమాణము మార్చినంతమాత్రమున రంగు మార్చును. వీణమీద తీగ యొక్కటియే. వ్రేలు మెట్టుమీదికి జరిపి మ్రోగు తీగ నిడివిని తగ్గించినకొలది స్వరము హెచ్చును. ఈ బిందువులలో మ్రోగు తీగ వంటిది ఎలక్ట్రాను. అది తిరుగు ఇల్లు ఇరుకైనకొలది అది గ్రక్కు వెలుగు హెచ్చుస్థాయిదగును. కావున పెద్దబిందువు ఎఱుపును, చిన్నబిందువు నీలమును ఇచ్చును. నడుమనున్నవి పసుపును పచ్చను ఇచ్చును.

ఈ గుణమును రష్యాలో ఎకిమోవ్ అను శాస్త్రజ్ఞుడు 1980వ దశకము తొలినాళ్ళలో రంగుగాజునందు కనిపెట్టెను. 1983లో అమెరికాలో బ్రూస్ అనువాడు ద్రవములో తేలు పలుకులయందు అట్టి గుణమునే చూచెను. 1993లో బవెండి యనువాడు కోరిన పరిమాణమునకు తప్పక తయారుచేయు పద్ధతిని సాధించెను. ఈ మువ్వురకును 2023లో రసాయనశాస్త్రమున నోబెల్ బహుమానము వచ్చినది.

తొలుత వచ్చిన బిందువులు పెక్కు కాడ్మియమను లోహముతో చేసినవి. కాడ్మియము విషము. విషమును వెదకుటకు విషమునే నీటిలో కలుపుట యేమి న్యాయమని ఎవరికైనను తోచును. దైవవశమున 2004లో అమెరికాలో కర్బనపు మసిని శుద్ధిచేయుచుండగా మెరయు కర్బనబిందువులు బయటపడినవి. తరువాత క్రొవ్వొత్తి మసినుండియు చేసిరి. 2012లో మన దేశపు శాస్త్రజ్ఞులు నారింజరసమును మూసిన పాత్రలో వేడిచేసి మెరయు కర్బనబిందువులను తీసిరి. కాటుక పట్టిన చేతులకును, పండ్లరసము కాచిన చేతులకును ఈ మాట ఎంత దగ్గరగ తోచునో చూడుడు!

వెలుగు సాక్ష్యము చెప్పుట

బిందువు వెలిగినంతమాత్రమున అది సాక్షి కాదు. దానిని వెదకవలసిన పదార్థముతో ముడివేయవలెను. ఈ ముడివేయుట ముఖ్యముగ రెండు విధములు.

మొదటిది ఆర్పు పద్ధతి. వెలుగుచున్న దీపమునకు చేయి అడ్డుపెట్టినట్లు, నీటిలోని పాదరసము వంటి లోహములు బిందువునంటుకొని దాని వెలుగును మందగింపజేయును. వెలుగెంత తగ్గిన దోషమంత యున్నదని లెక్క. రెండవది వెలిగించు పద్ధతి. ముందుగా మనమే బిందువునకు ముసుగు వేయుదుము. వెదకుచున్న పదార్థము వచ్చి ఆ ముసుగును లాగుకొనిపోయిన బిందువు మరల వెలుగును. ఫ్లోరైడు విషయమున శాస్త్రజ్ఞులు పాత జిర్కోనియమునే క్రొత్త కర్బనబిందువులకు జతచేసి ప్రయోగములు చేయుచున్నారు. సాక్షి మారినది గాని జిర్కోనియమునకు ఫ్లోరైడుపైనున్న ప్రీతి మారలేదు.

పురుగుమందులను పట్టు యుక్తి మరింత సొగసైనది. పత్తికిని మిరపకును చల్లు మందులలో కొన్ని పురుగు నరములలోని ఒకానొక ఎంజైమును స్తంభింపజేసి చంపును. ఆ ఎంజైమునే బిందువులతో కలిపి యుంచుదురు. అది చక్కగా పనిచేయునంతవరకు వెలుగొక తీరున నుండును. కూర కడిగిన నీటిలో మందు మిగిలియున్నచో ఎంజైము చచ్చుపడును, వెలుగు తీరు మారును. పురుగును చంపు గుణమే మందును పట్టియిచ్చుచున్నది.

వేరుసెనగ, పాలు

ప్రతిదీప్తి ఆహారపరీక్షలో అడుగిడిన కథ క్వాంటం బిందువులకంటె పాతది. 1960లో ఇంగ్లండులో లక్షకు మించిన టర్కీకోళ్ళు చచ్చినవి. వానికి పెట్టిన వేరుసెనగపిండిలో ఒక బూజు తన విషమును విడిచినదని తేలినది. ఆ విషమునకు అఫ్లటాక్సిన్ అని పేరు. అతినీలలోహిత దీపము క్రింద దానిలో ఒక జాతి నీలముగను మరియొక జాతి పచ్చగను మెరయును. ఆ రంగుల ఇంగ్లీషు పేర్ల తొలి అక్షరములే ఆ జాతులకు పేర్లైనవి. 1974లో రాజస్థాను, గుజరాతు పల్లెలలో వానకు తడిసి బూజుపట్టిన మొక్కజొన్న తిని నూరుమందికి పైగా కాలేయము చెడి మరణించిరి. నేడు ఈ విషమును పట్టుటకు కాగితపు పట్టీలపై క్వాంటం బిందువుల నమర్చి, చుక్కద్రవము వేసి వెలుగును కొలుచు పద్ధతులు వచ్చినవి. మనవంటి వారికి దీనివలన బోధపడు ధర్మము చిన్నది: బూజుపట్టిన, ముడుచుకొనిన, చేదైన వేరుసెనగపప్పును ఏరి పారవేయవలెను. పశువునకు పెట్టినను ఆ విషము మారురూపున పాలలోనికి దిగును.

పాలకథ వేరొక పాఠము. 2008లో చీనాదేశమున పాలపొడిలో మెలమైనను పదార్థము కలిపిరి. ఆరుగురు పసిబిడ్డలు మృతిజెందిరి. సుమారు మూడులక్షలమందికి జబ్బుచేసినది. పరీక్షలు లేకనా? కలవు. కాని ఆ పరీక్ష పాలలో మాంసకృత్తులను నేరుగా చూడక నత్రజనిని మాత్రము కొలుచును. మెలమైనులో నత్రజని మెండు. పరీక్ష "నత్రజని యున్నదా?" అని యడిగినది, "ఉన్నది" అని జవాబు వచ్చినది. అడుగని ప్రశ్నకు జవాబెట్లు వచ్చును? ఆ పిదప మెలమైనునే నేరుగా పట్టు పరీక్షలకై పరిశోధనలు ముమ్మరమైనవి. అందు క్వాంటం బిందువులును చేరినవి.

సోదరీమణులారా, మా యింట జరిగిన పొరపాటును ఇదియే. ఆ పనివాని కలము నీటిలో కరిగిన లవణము లన్నిటి మొత్తమును స్థూలముగ చెప్పును. అందు ఫ్లోరైడెంత యని దానికి తెలియదు. మొత్తము తక్కువగనే యుండి ఫ్లోరైడు హద్దు మీరవచ్చును. అబద్ధమాడినది ఆ కలము కాదు; అడుగవలసిన ప్రశ్నను అడుగనిది మేము.

ఇప్పటికి మన చేతిలోని పని

ఈ వెలుగుచుక్కలు రేపే మన గుమ్మములోనికి వచ్చునని నేను ఆశపెట్టను. వీనిలో పెక్కింటికి ఇప్పటికిని నెలవు పరిశోధనాలయములే. శుభ్రజలములో చక్కగా పలుకు సాక్షి, ఇనుమును సున్నమును కలిసిన బోరునీటిలో తడబడవచ్చును. మిరపపొడి వంటి రంగుగల వస్తువులో తన వెలుగే మరుగుపడవచ్చును. దీపము క్రింద మెరసినదెల్ల విషమును కాదు, మెరయనిదెల్ల అమృతమును కాదు. అయినను చుక్కనీరు, కాగితపుపట్టీ, చేతిదీపము, ఫోనులోని కెమేరా, ఇవి చాలునట్టి పరీక్షకై కృషి సాగుచున్నది. అది పండినప్పుడు ప్రశ్నించు అధికారము బిందె ముంచు చేతికే వచ్చును.

అంతవరకు చేతులు ముడుచుకొని యుండనక్కరలేదు. గ్రామీణ నీటిసరఫరా శాఖవారి ప్రయోగశాలలలో నీటిని పరీక్షించెదరు. ఇచ్చునపుడు "ఫ్లోరైడు చూడుడు" అని నోరు తెరచి యడుగవలెను. 2019లో ఆరంభమైన జలజీవన్ మిషన్ నియమావళిలో ప్రతి గ్రామమున ఐదుగురు స్త్రీలకు తక్కువ గాకుండ నీటిపరీక్షలో శిక్షణ యీయవలెనని యున్నది. మీ యూర ఆ ఐదుగు రెవరో తెలిసికొనుడు; ఎవరును లేకున్న ఆ ఐదుగురిలో మీరొకరు కండు.

ఫ్లోరైడు హెచ్చని తేలినచో త్రాగుటకును వంటకును మాత్రము వేరునీరు చూచుకొనవలెను. స్నానమునకు, అంట్లకు పాతనీరు వాడవచ్చును. శుభ్రముగ పట్టి నిలిపిన వాననీటిలో ఫ్లోరైడు అత్యల్పము. పటిక, సున్నము కలిపి ఫ్లోరైడును దించు నల్లగొండ పద్ధతిని నాగపురములోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థవారు కల్పించిరి. కాని పాళ్ళు నీటినిబట్టి లెక్కించి వేయవలసినవి గనుక ఇంట ఉజ్జాయింపుగ చేయరాదు. రివర్స్ ఆస్మాసిస్ యంత్రము ఫ్లోరైడును తగ్గించును. అయినను ఆ నీటిని కూడ అప్పుడప్పుడు పరీక్షింపవలెను. పిల్లలకు పాలు, మజ్జిగ, మునగాకు, ఉసిరిక మేలు చేయును గాని, ఇవి మంచినీటికి బదులు కావు.

మా యింట ఇప్పుడు రెండు బిందెలు. ఒకదానికి ఎఱ్ఱదారము కట్టితిని, అది త్రాగునీరు. మా అత్తగారు మొదట నొచ్చుకొన్నారు. ఇన్నేండ్లు అందరికి పోసిన నీరాయె! "కంటికి కనబడకపోతే నాకెట్లా తెలుస్తుందే తల్లీ" అని ఒకనాడు కన్నీరు పెట్టుకొన్నారు. తప్పు ఆమెది కాదు. చూపునకు అందని దానిని చూపుతో తూచిన మన యలవాటుది.

పెద్దదాని పండ్లను పట్టణములోని దంతవైద్యునకు చూపితిమి. మచ్చను కొంత మరుగుపరచవచ్చునన్నారు. చిన్నవానికి మూడేండ్లు. వాని పాలపండ్లు ముత్యములవలె నున్నవి. రాబోవు పండ్లు చిగుళ్ళమాటున ఇప్పుడే రూపుదిద్దుకొనుచున్నవి. ఆ పండ్లు బయటపడునాటికి వాడు నోటికి చేయి అడ్డుపెట్టక నవ్వవలెనని నా కోరిక. ప్రతి ఉదయమును ఎఱ్ఱదారపు బిందెనుండి వానికి గ్లాసు నింపునపుడు అక్క ప్రక్కన నిలిచి, "తమ్ముడికి ఆ నీళ్ళేనా అమ్మా?" అని యడుగుచుండును. ఆ ప్రశ్నకు నేనెన్నడును విసుగుకొనను.